గొట్టానికి రిబ్బన్ కత్తిరించేదెవరు?

ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ కట్టాలనుకున్నప్పుడు నిజాం సర్కారు ముందుగా చేసిన పని టెండరు పిలవడం కాదు. నవాబ్ జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరు ఇంజనీర్లను, విశ్వవిద్యాలయాలు ఎలా కడతారో చూసి రమ్మని దేశదేశాలు తిప్పింది. తర్వాత బెల్జియం ఆర్కిటెక్టు ఎర్నెస్ట్ జాస్పర్ వచ్చాడు. 1934లో పునాదిరాయి, 1939 డిసెంబరులో ప్రారంభోత్సవం. ఎత్తయిన కప్పులు, బండరాతి గోడలు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం లోపలికి అడుగుపెడితే ఆ ఇద్దరి ప్రయాణ ఖర్చులు దండగ కాలేదని ఒంటికే తెలుస్తుంది.

ఈ రోజుల్లో అంత ప్రయాస ఎందుకు? కన్సల్టెంటు ఉన్నాడు. ఆయన జేబులో పెన్‌డ్రైవ్ ఉంది. అందులో ఎప్పుడో ఎవరికో గీసిచ్చిన ఆస్పత్రి ప్లాను ఉంది. ‘జనరల్ వార్డు’ అన్నచోట ‘లెక్చర్ హాలు’ అనీ, ‘మార్చురీ’ అన్నచోట ‘స్టాఫ్‌రూము’ అనీ మారిస్తే సైన్సు బ్లాకు రెడీ. ఒక్క ఉత్తర దిక్కు బాణమే మన స్థలానికి నప్పదు. దాన్ని చెరిపేస్తే సరి.

నేను చెప్పేది ఏ విశ్వవిద్యాలయం సంగతో అడక్కండి. ఏదీ కాదు. చదువుతుంటే ఏ వీసీగారికైనా తమ క్యాంపసే కళ్లముందు కదిలితే, అది వారి ఊహాశక్తి.

దిక్కు చెరిపేసిన ఫలితంగా అద్దాల గోడ సరిగ్గా పడమటికి వచ్చింది. మన ఎండలకు పొడుగు గోడలు ఉత్తర దక్షిణాలకు పెట్టుకోవాలని, పడమటి వైపు వీలైనంత మూసుకోవాలని తాపీమేస్త్రీకి కూడా తెలుసు. కానీ ఆయన్ని మీటింగుకు పిలవరు. మూడింటి క్లాసులో పిల్లలు ఉడికిపోతున్నారని అద్దాలకు కర్టెన్లు వేశారు. చీకటైందని లైట్లు వేశారు. ఉక్కపోస్తోందని చివరికి ఏసీలు పెట్టారు. వెలుతురు కోసమని పెట్టిన అద్దం మూడు పద్దుల్లో బిల్లు తెచ్చింది. గోడలో కిటికీకి ఎంత వాటా ఇవ్వాలో, దాని అద్దం ఎంత వేడిని లోపలికి రానివ్వొచ్చో చెప్పే ఇంధన పొదుపు భవన నియమావళి 2007లోనే వచ్చింది. 2017లో దాని కొత్త కూర్పూ వచ్చింది. రెండూ మన లైబ్రరీలో ఉన్నాయి. లైబ్రరీ నాలుగో అంతస్తులో ఉంది. లిఫ్టు పనిచేయదు.

ఏసీలు పెరిగేసరికి లోడు చాలక, కరెంటు ఇచ్చే డిస్కంకు రాసి కాంట్రాక్టు డిమాండు పెంచుకున్నారు. మన రాష్ట్రాల హెచ్‌టీ (హై టెన్షన్) బిల్లులో ఒక సొగసుంది. ఆ నెలలో నమోదైన గరిష్ఠ డిమాండు గానీ, ఒప్పుకున్న డిమాండులో 80 శాతం గానీ, ఏది ఎక్కువైతే దాని లెక్కన డిమాండు ఛార్జీ కట్టాలి. అంటే మే నెలలో పిల్లలంతా ఊళ్లకు పోయి, క్యాంపస్‌లో వాచ్‌మనూ కుక్కలూ మిగిలినా ఆ ఛార్జీ మాత్రం సెలవు తీసుకోదు. పోనీ, స్నాతకోత్సవం రోజున గవర్నరుగారు వస్తున్నారని అన్ని ఏసీలూ ఒక్కసారే ఆన్ చేస్తే, ఒప్పుకున్నది దాటినందుకు జరిమానా. ఈ విషయం మీదే మన ఎలక్ట్రికల్ విభాగంలో పీహెచ్‌డీలు చేస్తున్నారు. బిల్లు కట్టేది అకౌంట్స్ సెక్షను. రెండింటికీ మధ్య ఒక్క రోడ్డే అడ్డం. దాన్ని ప్రస్తుతం తవ్వారు.

ఎందుకు తవ్వారంటే, నీళ్ల లైను కోసం. ముందు నెలలో తవ్వింది ఇంటర్నెట్ కేబులు కోసం. రెండింటికీ ఒకేసారి తవ్వొచ్చు కదా అంటే, ఫైళ్లు వేరు సార్ అన్నారు.

నీళ్ల లెక్క చూద్దాం. హాస్టల్లో ఉండే మనిషికి రోజుకు 135 లీటర్లు, పగలు వచ్చి సాయంత్రం పోయేవాడికి 45 లీటర్లు అని భారతీయ ప్రమాణాల్లో ఉంది. ఆ ప్రకారమే సంపు కట్టారు, ఓవర్‌హెడ్ ట్యాంకు కట్టారు. తర్వాత ఇద్దరి గదిలో నలుగురిని వేశారు. 135 కాస్తా 67న్నర అయింది. మంచాలు పెంచే ఆర్డరు మీద సంతకం ఒక్క నిమిషం పని. ట్యాంకు పెంచాలంటే ఎస్టిమేట్ వేయాలి, ఆర్థిక కమిటీలో పెట్టాలి, పాలకమండలికి పోవాలి. అందాకా రిజిస్ట్రారు ఆఫీసు ఒక సర్క్యులర్ జారీ చేసింది: నీటిని పొదుపుగా వాడవలెను. దాన్ని బాత్‌రూముల్లోనే అతికించారు. తడిసి ఊడిపోయే భయమేమీ లేదు.

ఈ వ్యవస్థ మొత్తం ఇన్నాళ్లూ కూలిపోకుండా నిలిచింది పంపుహౌస్‌లోని ఒక పెద్దాయన వల్ల. దినకూలీ లెక్కన ఎన్‌ఎమ్మార్‌గా చేరి, పర్మినెంటు చేస్తారని ఎదురుచూస్తూనే తల నెరిసిన మనిషి. నీళ్లు రావట్లేదని కబురొస్తే స్పానరు భుజాన వేసుకుని బయల్దేరేవాడు. వేపచెట్టు దగ్గర్నుంచి తూర్పుకు నడిచి, ఓ చోట ఆగి, గడ్డి పీకి, మట్టి గీకి, తుప్పు పట్టిన మూత పైకెత్తేవాడు. స్పానరుతో గొట్టం మీద రెండు దెబ్బలు కొట్టి చెవి ఆనించేవాడు. “గాలి పట్టింది” అనో, “లైబ్రరీ కాడ వాల్వు ఎవురో తిప్పేసినారు” అనో తేల్చేవాడు. వాల్వును సగం తిప్పి, పావు వెనక్కి తీసేవాడు. పూర్తిగా తిప్పితే పాత జీఐ లైను పగిలిపోతుందని ఆయనొక్కడికే తెలుసు. ఆ సగం, పావు లెక్క ఏ డ్రాయింగులోనూ లేదు. అసలు డ్రాయింగే లేదు. కట్టకముందు గీసినవి ఉన్నాయి. కట్టాక గొట్టం నిజంగా ఎటు పోయిందో చూపే ‘యాజ్ బిల్ట్’ డ్రాయింగుకు కాంట్రాక్టరు బిల్లులో పద్దుంది, డబ్బు చెల్లించినట్టు రికార్డుంది, బొమ్మ మాత్రం లేదు.

ఆయనకు అరవై దాటాయి. శాలువా కప్పి ఇంటికి పంపారు. మర్నాటి నుంచి వాల్వులు అనాథలయ్యాయి. కంగారుపడిన యూనివర్సిటీ డిజిటల్ మ్యాపింగుకు టెండరు పిలిచింది. కుర్ర ఇంజనీర్లు కారులో దిగారు. డ్రోను ఎగరేశారు. చెట్లు, డాబాలు, డాబాల మీద ఆరేసిన లుంగీలు అద్భుతంగా వచ్చాయి. గొట్టాలు రాలేదు. ఆఖరికి నంబరు కనుక్కుని పెద్దాయనకే ఫోన్ చేశారు.

“బాబాయ్, ఆ పాత లైను ఎటు పోయిందో కాస్త చెబుతారా?”

“పెద్ద చదువులు చదివినారు, మీకు తెలీదా సార్?”

“డ్రోన్‌లో కనబడట్లేదు బాబాయ్.”

“యాడ కనబడుతుంది సార్? అది భూమిలో ఉండాది.”

బస్సెక్కి వచ్చాడు. ఇనుప గమేళాలో సున్నం పోసుకుని, గీత వేసుకుంటూ ముందు ఆయన నడిచాడు. జీపీఎస్ కర్ర పట్టుకుని వెనక వాళ్లు నడిచారు. రెండ్రోజుల్లో పని ముగిసింది. మ్యాపు రంగుల్లో అచ్చయింది, మూలన కంపెనీ లోగోతో. ఆయన బస్సు ఛార్జీకి పెట్టిన వోచరు మీద మాత్రం ఆడిట్ వాళ్లు అభ్యంతరం రాశారు: సదరు వ్యక్తి సాంకేతిక అర్హత పత్రాలు జతపరచలేదు.

ఇంతలో విద్యాసంస్థలకు గ్రేడులిచ్చే నాక్ బృందం వస్తోందన్న వార్త. 1994లో పుట్టిన ఆ సంస్థ అప్పట్లో మార్కులిచ్చిన అంశాల్లో ఏడోదాంట్లో ప్రత్యామ్నాయ ఇంధనం, నీటి పొదుపు, దివ్యాంగులకు సదుపాయాలు అన్నీ ఉండేవి. ఏళ్లుగా కదలని ఫైలు అప్పుడు పరిగెడుతుంది. సోలార్ పలకల మీది దుమ్ము తుడిచారు. ర్యాంపు కట్టారు. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుండాలి గానీ, మధ్యలో వీసీగారి కారు పార్కింగు అడ్డమొచ్చి నాలుగడుగుల్లో తేల్చేశారు. వీల్‌చెయిర్ సంగతి దేవుడెరుగు, స్కూటరు కూడా ఫస్ట్ గేరులో మూలుగుతుంది. ఇక ఇంకుడు గుంత. బృందం కారు దిగేచోట కనబడాలి కాబట్టి మెయిన్ గేటు పక్కన తవ్వారు. క్యాంపస్ మొత్తంలో ఎత్తయిన చోటు అదే. గుట్టెక్కి వచ్చే వాన కోసం అది ఎదురుచూస్తోంది.

నాకు అర్థమైంది ఇదీ: భవనానికి పునాదిరాయి ఉంటుంది, ప్రారంభోత్సవం ఉంటుంది, పాలరాతి ఫలకం మీద పేర్లుంటాయి. కుళాయి వాషరుకు ఇవేవీ లేవు. డ్రైనేజీ గొట్టం మీద ఏ మంత్రిగారి పేరూ చెక్కరు. అందుకే కొత్త బ్లాకుకు గ్రాంటు ఎక్కడో ఒకచోట దొరుకుతుంది, పాత బ్లాకు కారకుండా చూసేందుకు దొరకదు. ఏటా ఒక భవనం పెరుగుతుంది, ప్లంబరు పోస్టు ఒకటి తగ్గుతుంది.

అందుకని ఆమధ్య ఒక సలహా ఇచ్చాను. ప్రతి వాల్వుకూ ఒక శిలాఫలకం పెట్టండి, ప్రతి మ్యాన్‌హోల్ మూతకూ ఒక ప్రారంభోత్సవం చేయండి, డబ్బు అదే వస్తుంది అని. వేళాకోళానికి అన్నాను. పాలకమండలి ఏకగ్రీవంగా ఆమోదించింది. నెల తిరక్కుండా హాస్టల్‌కు కొత్త లైను పడింది! వాల్వు పక్కనే నిలువెత్తు పాలరాతి ఫలకం. మంత్రిగారు, ఎంపీగారు, ఎమ్మెల్యేగారు, వీసీగారు వరసగా ఉన్నారు. ఎమ్మెల్యేగారి పేరు అక్షరాలు చిన్నవయ్యాయని ఒకసారి పగలగొట్టి మళ్లీ చెక్కించారు కూడా. గొట్టం నిండా నీళ్లున్నాయి. వాల్వు చక్రానికి ఎర్ర రిబ్బను కట్టారు. మంత్రిగారి డేటు ఇంకా ఖరారు కాలేదు. పక్క బ్లాకు నుంచి బకెట్లు మోసుకొచ్చే పిల్లలు ఆ రిబ్బనును తెంపేస్తారేమోనని ఇద్దరు సెక్యూరిటీ గార్డుల పోస్టులు మాత్రం వెంటనే మంజూరయ్యాయి.