నా సూది దక్షిణం చూస్తుంది

నన్ను లువోపాన్ అంటారు. ఫెంగ్ షుయి చూసేవాళ్ల చేతిలో ఉండే దిక్సూచిని. పుట్టింది చైనాలోని అన్‌హుయ్ రాష్ట్రంలో, తరతరాలుగా మమ్మల్ని తయారుచేసే వాన్‌ఆన్ అనే ఊళ్లో. ఎండిన చెక్కని గుండ్రంగా కోసి, నున్నగా రుద్ది, వలయం మీద వలయం గీశారు. ఒకదాంట్లో మూడేసి గీతల గుర్తులు 8, ఇంకోదాంట్లో 24 దిక్కులు. సన్నటి కుంచెతో అక్షరాలు దిద్దుతుంటే నన్ను చేసిన పెద్దాయన ఊపిరి బిగబట్టేవాడు. నూనె పట్టించడం అయ్యాక, చిట్టచివర్న తలుపులు మూసుకుని ఒక్కడే కూర్చుని సూది అమర్చాడు.

మీరు ఉత్తరం చూపే ముల్లంటారు. చైనావాళ్లకి అది దక్షిణం చూపే సూది. అదీ సూటిగా దక్షిణం చూడదనీ, కాస్త తూర్పుకి ఒరుగుతుందనీ 1088 ప్రాంతంలోనే షెన్ కువో అనే పండితుడు రాసిపెట్టాడు.

అయినా ఈ విద్యకి నేను ఆలస్యంగా వచ్చినదాన్ని. ఫెంగ్ అంటే గాలి, షుయి అంటే నీరు. గువో పూ (276–324) అనే పండితుడి పేరు మీదున్న ప్రాచీన గ్రంథం సమాధుల గురించే. చనిపోయిన పెద్దల్ని ఎక్కడ పడుకోబెట్టాలి, నేలలోని ప్రాణశక్తి ఎక్కడ చెదరకుండా నిలుస్తుంది అన్నదే దాని వెతుకులాట.

నా యజమాని కూడా కొండెక్కగానే నన్ను తీసేవాడు కాదు. ముందు మట్టి పిడికిట్లో నలిపి వాసన చూసేవాడు. వాగు ఎటు మలుపు తిరిగిందో చూసేవాడు. "వెనక కొండుంటే చలిగాలి ఆగుతుంది, ముందు నీళ్లుంటే బతుకు సాగుతుంది" అని కొడుక్కి చెప్పేవాడు. సంచిలోంచి నేను బయటికొచ్చేది ఆఖర్న. ఒకసారి హొంగ్‌ట్సున్‌ అనే పల్లెకి నన్ను తీసుకెళ్లాడు. ఎప్పుడో ఆరు వందల ఏళ్ల కిందట ఫెంగ్ షుయి చూసి తవ్వించిన కాలవ ఇంకా ఇళ్ల గుమ్మాల ముందు పారుతూనే ఉంది.

1966లో పాత ఆచారాలన్నీ తుడిచెయ్యాలంటూ కుర్రాళ్లు వీధుల్లోకొచ్చారు. నాలాంటివెన్నో మంటల్లో పడ్డాయి. ఇంటావిడ నన్ను బియ్యం కుండ అడుగున దాచింది. బియ్యానికి చెయ్యి దిగినప్పుడల్లా కుండ కదిలేది, సూది వణికేది, చీకట్లోనే మళ్లీ దక్షిణానికి తిరిగేది.

ఇప్పుడు నవ్వే బుద్ధుడి బొమ్మల్నీ వెదురు మొక్కల్నీ ఫెంగ్ షుయి పేరుతో హైదరాబాద్‌లోనూ అమ్ముతున్నారట. బాధేస్తుంది. నా యజమాని సంచిలో ఏ బొమ్మా ఉండేది కాదు.

ఆయన పోయినప్పుడు కొడుకు నన్ను భుజాన వేసుకుని అదే కొండెక్కాడు. నన్ను తియ్యలేదు. వంగి, పిడికెడు మట్టి తీసుకుని నలిపాడు.