తారణ నామ సంవత్సరపు డ్రైవర్ శాస్త్రం

డివైస్ డ్రైవర్లు రాయడం నేర్చుకోవాలని ఎవరికి బుద్ధి పుట్టినా మొదట అడిగేది ఏ పుస్తకం చదవాలనే. సీనియర్ల జవాబు ఎప్పుడూ సిద్ధం: ‘లినక్స్ డివైస్ డ్రైవర్స్’, మూడో ఎడిషన్. కార్బెట్, రుబినీ, క్రోవా-హార్ట్‌మన్ ముగ్గురూ కలిసి రాసింది. చెప్పేవాళ్లలో ఎంతమంది దాన్ని చివరికంటా చదివారన్నది మాత్రం అడగకూడదు, మర్యాద కాదు. పీడీఎఫ్ ఉచితమే కాబట్టి జిజ్ఞాసువు వెంటనే దించుకుంటాడు. దానికి తోడు మరో డజను దించుకుంటాడు. అన్నింటినీ ఓ ఫోల్డర్‌లో వేసి ‘డ్రైవర్స్ మస్ట్ రీడ్’ అని పేరు పెట్టేసరికి సగం విద్య వంటబట్టినంత తృప్తి. కాగితం మీద అయితేనే బుర్రకెక్కుతుందనేవాళ్లకు, కోర్సు మెటీరియల్‌కు పేరుపడ్డ అమీర్‌పేట జిరాక్స్ షాపులు ఉండనే ఉన్నాయి. ఇంత హడావుడిలో ఎవరూ చూడనిది లోపలి పేజీలో అచ్చయిన తేదీ ఒక్కటే. 2005 ఫిబ్రవరి, కెర్నెల్ 2.6.10. మన లెక్కలో తారణ నామ సంవత్సరం.

తారణ నామ సంవత్సరపు పంచాంగం పట్టుకుని ఈ ఏడు ముహూర్తం పెట్టమంటే ఏ పురోహితుడూ ఒప్పుకోడు. మన సాఫ్ట్‌వేర్ పురోహితులకు ఆ పట్టింపు లేదు. ఆ పుస్తకంలోని ఉదాహరణలో ఫైల్ ఆపరేషన్ల పట్టికలో ఐఓసీటీఎల్ అనే గడి ఉంటుంది. 2010లో వచ్చిన 2.6.36 కెర్నెల్ ఆ గడినే ఎత్తేసింది. ప్రాక్ ఫైలు సృష్టించడానికి పుస్తకం నేర్పిన ఫంక్షన్ 2013లో, 3.10తో పోయింది. టైమర్ మొదలుపెట్టే పద్ధతి 4.15తో మారింది. కాబట్టి పుస్తకంలోని కోడ్‌ని అక్షరం తప్పకుండా టైప్ చేసిన శ్రద్ధాళువుకు దక్కేది పేజీ నిండా ఎర్రర్లు. పాపం, అతను తన టైపింగ్‌నే అనుమానిస్తాడు, పుస్తకాన్ని కాదు. పంచాంగం నయం, అరవై ఏళ్లకు ఆ పేరు మళ్లీ తిరిగొస్తుంది. కెర్నెల్‌లోంచి తీసేసిన ఫంక్షన్‌కు ఆ యోగం లేదు. ఇందులో అసలు చమత్కారమేమిటంటే, కెర్నెల్ లోపలి ఇంటర్‌ఫేస్ స్థిరంగా ఉండదు, ఉండాలనుకోవడమే అర్థం లేని పని అంటూ కెర్నెల్‌తో పాటే వచ్చే డాక్యుమెంట్ ఒకటుంది. దాన్ని రాసింది ఆ ముగ్గురిలో ఒకరైన క్రోవా-హార్ట్‌మనే. రచయిత ఏమో అన్నీ మారతాయని మొత్తుకుంటుంటే, శిష్యులు ఆయన పుస్తకానికి పసుపు కుంకుమ పెడుతున్నారు. తొమ్మిది పది వారాలకో కొత్త కెర్నెల్ విడుదలవుతోంది. నాలుగో ఎడిషన్ మాత్రం రానేలేదు.

కోడ్ పాతబడినా సూత్రాలు పాతబడవు కదా అంటారు. నిజమే, ఇది కొట్టిపారేయదగ్గ మాట కాదు. ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో ఉన్నప్పుడు ఎందుకు నిద్రపోకూడదు, రెండు ప్రాసెసర్లు ఒకే డేటా మీద పడితే ఏమవుతుంది, ఏ తాళం ఎక్కడ వేయాలి అన్న అధ్యాయాలు ఇప్పటికీ చదవదగ్గవే. కానీ సూత్రాల కోసమే చదివేవాడు ఆ రెండు మూడు అధ్యాయాలు చదివి పుస్తకం మూసేయాలి. మనవాళ్లు చేసేది వేరు. స్కల్ దగ్గర మొదలుపెట్టి స్కల్ దగ్గరే ఆగిపోతారు. స్కల్ అనే పరికరాన్ని ఏ కంపెనీ తయారు చేయలేదు, అది పరికరంలా నటించే మెమొరీ ముక్క. ఏ హార్డ్‌వేరూ లేనివాళ్లు కూడా నడిపి చూడొచ్చని రచయితలు దాన్ని ఎంచుకున్నారు, తప్పేమీ లేదు. వాళ్లు దాన్ని గుమ్మం అనుకున్నారు, మనవాళ్లు అక్కడే కాపురం పెట్టారు. డేటాషీట్ తెరవకుండా, రిజిస్టర్ ముట్టకుండా, ఒక్క ఇంటరప్ట్ అందుకోకుండా ‘డ్రైవర్ డెవలపర్’ అని రెజ్యూమేలో రాసుకోవచ్చు మరి. ఈరోజు ఏఆర్ఎమ్ బోర్డు ముట్టుకుంటే మొదట ఎదురయ్యే డివైస్ ట్రీ మాటేమిటంటే, దాని కోసం ఆ పుస్తకంలో వెతకడం దండగ.

మరి ఏం చదవాలి? కెర్నెల్ సోర్స్‌నే. అదో మహాసముద్రం, కొత్తవాడు మునిగిపోతాడు అని మరో అభ్యంతరం. సముద్రమే, ఆ సోర్స్‌లో సగానికి పైగా డ్రైవర్లే. కానీ మొత్తం ఈదమని ఎవరన్నారు? యూఎస్‌బీ మౌస్‌ డ్రైవర్ ఫైలొకటి ఉంది, మూడొందల లైన్లు కూడా ఉండదు. నిజానికి మీ టేబుల్ మీది మౌస్‌ని నడిపేది మామూలుగా ఇది కాదు, ఇంతకంటే పెద్ద హెచ్ఐడి డ్రైవర్. నేర్చుకోవడానికి మాత్రం ఇదే మేలు. మౌస్ నుంచి వచ్చిన మొదటి బైట్‌లో మొదటి బిట్ ఎడమ బటన్, రెండోది కుడి బటన్, మూడోది మధ్య బటన్. రెండో బైట్ అడ్డంగా ఎంత జరిగిందో, మూడోది నిలువుగా ఎంత జరిగిందో చెబుతుంది, నాలుగోది చక్రం. ఈ నాలుగు బైట్లను తీసి ఇన్‌పుట్ విభాగానికి అప్పగించడమే ఆ డ్రైవర్ బతుకు. ఎవరైనా పరికరాన్ని తెరిస్తే డేటా కోసం అభ్యర్థన పంపుతుంది, మూసేస్తే దాన్ని చంపేస్తుంది. ఈ ఫైలు ఎప్పుడూ పాతబడదు, ఎందుకంటే లోపలి ఇంటర్‌ఫేస్ మార్చినవాళ్లే దాన్ని వాడే డ్రైవర్లన్నింటినీ సవరించాలన్నది కెర్నెల్ ఆచారం. ఏ పుస్తకానికుంది అంత పరివారం?

హార్డ్‌వేర్ కొనే స్తోమత లేదు, అందుకే పుస్తకాలతో సరిపెట్టుకుంటున్నాం అనేవాళ్లూ ఉన్నారు. క్యూఈఎమ్‌యూ అనే ఎమ్యులేటర్‌లో ‘ఎడ్యు’ అనే ఉత్తుత్తి పీసీఐ కార్డు ఉంది. చెక్ దేశంలోని మసారిక్ యూనివర్సిటీ కెర్నెల్ పాఠాల కోసం పుట్టింది, పైసా ఖర్చు లేదు. దాని స్పెసిఫికేషన్ చాలా చిన్నది. హెక్స్ లెక్కలో 04వ చిరునామాలో ఏ సంఖ్య రాసినా బిట్లన్నీ తిరగేసి ఇస్తుంది, బతికే ఉన్నానని చెప్పడం అన్నమాట. 08లో సంఖ్య రాస్తే ఫ్యాక్టోరియల్ కడుతుంది, కోరితే పని ముగిశాక ఇంటరప్ట్ పంపుతుంది. ఆ ఇంటరప్ట్ అందిందని 64లో రాయడం మరిచిపోతే అది మళ్లీ మళ్లీ తలుపు తడుతూనే ఉంటుంది, మెషీన్ నిలువునా బిగుసుకుపోతుంది. ఒక్కసారి అలా బిగుసుకుపోతే ఇంటరప్ట్ అధ్యాయం తనంతట తానే అర్థమవుతుంది. ఇదంతా ఉచితంగా దొరుకుతుంది కనుకనే కాబోలు ఎవరికీ పట్టదు. ఫోల్డర్‌లోకి దించుకోవడానికి అందులో పీడీఎఫ్ లేదు పాపం.

ఆఖరి అభ్యంతరం అన్నింటికంటే గట్టిది: ఇంటర్వ్యూలో అడిగేది ఆ పాత పుస్తకం నుంచే కదా! అవును, టాస్క్‌లెట్‌కూ వర్క్‌క్యూకూ తేడా ఏమిటన్నది ఎన్నేళ్లయినా వదలని ప్రశ్న. టాస్క్‌లెట్ పాతబడింది, దాని బదులు థ్రెడెడ్ ఇంటరప్టులు ఆలోచించండని కెర్నెల్ హెడర్ ఫైల్లోనే రాసిపెట్టారు. ఆ థ్రెడెడ్ ఇంటరప్టులు వచ్చిందీ నిన్న మొన్న కాదు, 2009లో. ప్యానెల్లో కూర్చున్నవాళ్లు చదివిందీ ఆ జిరాక్సే కనుక ఆ కబురు వాళ్లదాకా రాలేదు. అభ్యర్థి ముందు వాళ్లకు కావలసిన తేడా చెప్పి, తర్వాత హెడర్ ఫైల్లో ఏముందో కూడా చెబితే సరి. ఎవరైనా అక్కడికక్కడే ల్యాప్‌టాప్ తెరిచి వెతికితే ఆ కంపెనీలో నిశ్చింతగా చేరొచ్చు.