ఎన్నోవాడండీ మీవాడు?

ఒకటో తరగతి లెక్కల్లో క్రమసంఖ్యలు చెప్పే రోజు పంతులమ్మ ఏడుగురు పిల్లల్ని గోడవారగా నిలబెట్టి, ‘‘మూడోవాడు ఎవర్రా?’’ అంటుంది. బెంచీ మీద కూర్చున్నవాడొకడు ఠక్కున అడుగుతాడు: ‘‘ఎటు నుంచి టీచర్?’’ తలుపు వైపు నుంచి మూడోవాడే బోర్డు వైపు నుంచి ఐదోవాడు కదా మరి. పాఠమంతా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది. ఇలాంటి ప్రశ్నలడిగే పిల్లల్ని విజయవాడలో మనం ఇంటర్ నాటికి బాగుచేసేస్తాం.

ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు. 2024 సెప్టెంబరు వరదలో పడవలు కొట్టుకొచ్చి గుద్దినప్పుడు, 69వ గేటంటే ఏ ఒడ్డు నుంచి లెక్కో ఇంజనీర్లకు ముందే తెలుసు కాబట్టి పనివాళ్లు నేరుగా అక్కడికే వెళ్లారు. ఆ బ్యారేజీ దాటి ఊళ్లోకి రండి. బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు, బెంజిసర్కిల్, ఎటు చూసినా ఫ్లెక్సీల నిండా నంబర్లే. ఏ ఒడ్డు నుంచి లెక్కపెట్టారని మాత్రం అడగకూడదు.

పెద్దక్షరాల్లో ‘3’ ఉంటుంది. ఆటో దిగి, ఫ్లెక్సీ కిందకు వెళ్లి, మెడ రిక్కించి చూస్తే ఆ మూడు పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో ఏదో కేటగిరీ పేరు. ఆ ఫ్లెక్సీలోని పిల్లే నాలుగడుగుల అవతల ఇంకో కాలేజీ ఫ్లెక్సీలో కూడా నవ్వుతుంటుంది. ఒకరి దగ్గర రెండేళ్లు చదివిందట, ఇంకొకరి దగ్గర టెస్టులు మాత్రం రాసిందట. ఫలితాల రోజు టీవీ ప్రకటనల్లో ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు అని ఊపిరి తిప్పుకోకుండా చదివే ఆ గొంతుంది చూశారూ, అది వినే మన పిల్లలు అంకెలు నేర్చుకున్నారు. ఒకటి తర్వాత మళ్లీ ఒకటే వస్తుందని కూడా నేర్చుకున్నారు.

అది పూర్తిగా అబద్ధమనీ అనలేం. 2024 నీట్‌లో మొదట 67 మందికి ఒకటో ర్యాంకు వచ్చింది. 719 మార్కులతో వాళ్ల వెనకున్నవాడికి ఎన్నో ర్యాంకు? రెండు కాదు, 68. ఒక్క మార్కుకి అరవైఏడు మెట్లు! తర్వాత ఒక ఫిజిక్స్ ప్రశ్నకు సరైన జవాబు ఒక్కటేనని సుప్రీంకోర్టు తేల్చాక ఆ ఒకటోవాళ్లు 17 మంది మిగిలారు. తక్కినవాళ్లలో చాలామంది రాసిన పేపరు మారలేదు, బుర్ర మారలేదు. వరస మారిందంతే.

ప్రభుత్వం ఊరుకుందా? 2022లో పదో తరగతి ఫలితాలకు ముందు, ర్యాంకులంటూ ప్రకటనలిస్తే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలన్నారు. కార్పొరేట్ బుర్రలకు అదొక లెక్కా! ర్యాంకు అన్న మాట తీసేసి మార్కులు వేశారు. 600కి ఇన్ని వచ్చినవాళ్లు ఇందరు, వాటిపైన వచ్చినవాళ్లు ఇందరు. చదివేవాడు తనే మనసులో ఒకటోవాణ్ణి, రెండోవాణ్ణి పేర్చుకుంటాడు. మనసులో ర్యాంకులిచ్చేవాణ్ణి ఏ సెక్షన్ కింద లోపలేస్తారు?

ఇంట్లో పరిస్థితి చూడండి. కంకిపాడు నుంచి తండ్రి ఆదివారం హాస్టల్‌కి ఫోన్ చేస్తాడు.

‘‘వీక్లీ టెస్టులో ర్యాంకెంతరా?’’

‘‘నూట పద్నాలుగు నాన్నా. కానీ ఈసారి పోయినవారం కన్నా పాతిక మార్కులు ఎక్కువొచ్చాయి.’’

‘‘మార్కుల సంగతి నాకెందుకురా, పోయినవారం తొంభై కదా, ఇరవైనాలుగు కిందకెందుకు జారావు?’’

వాడు జారలేదు మహాప్రభో, ఎక్కాడు. పక్కవాళ్లు ఇంకాస్త ఎక్కువ ఎక్కారు. పక్కవాడికి జ్వరమొస్తే తనకు ర్యాంకు పెరిగే చోట పిల్లాడు ఏం కోరుకోవాలో ఆ తండ్రే చెప్పాలి.

కార్పొరేట్ కాలేజీల్లో పిల్లల ఆత్మహత్యల మీద 2001లో నీరదారెడ్డి కమిటీ వేశారు. 2017లో ఇంకో కమిటీ వేశారు. రెంటి మధ్యా, రెండో దాని తర్వాతా పోయిన పిల్లలకు మాత్రం క్రమసంఖ్యలు వేసి పేపర్లో ఫొటోలు అచ్చేసినవాడు లేడు. ఇన్ని ర్యాంకులు ఇంత జాగ్రత్తగా లెక్కపెట్టే ఊళ్లో ఆ ఒక్క వరసకే లెక్క చూసేవాళ్లు కరువయ్యారు.

ఇప్పుడు ఈ కార్పొరేట్ సంస్థల పీఆర్వోలు ఒకటో తరగతి పిల్లలున్న ఇళ్ల తలుపులు కూడా కొడుతున్నారు.

‘‘బాబు క్లాసులో ఎన్నోవాడండీ?’’

‘‘ఇంకా ర్యాంకులివ్వట్లేదండీ వాళ్ల స్కూల్లో.’’

‘‘అయ్యో! మా దగ్గర ఎల్కేజీ నుంచే ఇస్తామండీ. ఈ వారంలో చేర్పించెయ్యండి, ముందొచ్చిన యాభైమందికే ఫీజులో రాయితీ.’’

‘‘ఇప్పటికి ఎంతమంది వచ్చారండీ?’’

‘‘రెండొందలు దాటారండీ. అయినా మిమ్మల్ని ఆ యాభైలోనే వేస్తాను, ఏం కంగారు పడకండి.’’