సముద్రంలో ఏమన్నా ఉండాదా?

మా ఊరికి సముద్రం లేదని ఎవరన్నా అంటే నేనొప్పుకోను. ఊరి పేరులోనే ఉంది. అనంతసాగరమనే చెరువు నుంచి అనంతపురానికి ఆ పేరొచ్చిందని పాత గెజిటీర్ల నుంచీ చెప్తూనే ఉన్నారు. పక్కన చూస్తే బుక్కరాయసముద్రం. చెరువు తవ్వించి దానికి సముద్రమని పేరు పెట్టే గుండె విజయనగరం వాళ్లకే ఉండింది. వాళ్ల కాలంలో జనం చెరువును చూసి సముద్రం అనుకున్నారు. మా చిన్నప్పుడు కరువు సంవత్సరాల్లో మేం అదే చెరువును చూసి క్రికెట్ గ్రౌండు అనుకున్నాం.

అసలు సముద్రం నెల్లూరు అవతల ఉంది. మ్యాపు మీద స్కేలు పెట్టి గీత గీసినా మా ఇంటికి 270 కిలోమీటర్లు. మధ్యలో పాలకొండలు, నల్లమల, వెలికొండలు. నైరుతి మబ్బులు అరేబియా సముద్రం నుంచి నిండుగా బయల్దేరుతాయి గానీ పడమటి కనుమలు వాటిని అవతలి పక్కే పిండుకుంటాయి. ఈశాన్య మబ్బుల్ని తూర్పు కొండలు పిండుకుంటాయి. రెండు పక్కలా పిండి, దులిపి, ఆరేసిన గుడ్డ మా జిల్లా మీదికొస్తుంది. ఆ గుడ్డ నుంచి ఏడాది పొడుగునా రాలేది సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర. జైసల్మేరు తర్వాత మాదేనని బడిలో మా అయ్యవారు చెప్పేవాడు. ఆ గొంతులో కొంచెం గర్వం కూడా ఉండేది. రెండో ర్యాంకు కదా.

అట్లాంటి ఊళ్లో పుట్టి పెరిగి, యాభై దాటినాక నేను తుపానుల పిచ్చిలో పడ్డాను.

తప్పు నాది కాదు, మా నాయనది. పల్లెలో ఉంటాడు. ఎనభై నాలుగేళ్లు. చెనిక్కాయ తప్ప వేరే పంట మీద నమ్మకం లేదు. చెనిక్కాయ మీద కూడా పెద్దగా లేదు గానీ అలవాటైపోయింది. నేను మొదట స్మార్టుఫోను కొన్నప్పుడు, అందులో ఉపగ్రహం తీసిన మబ్బుల బొమ్మ కనిపిస్తాదని నోరుజారి చెప్పాను. మర్నాడు పొద్దున ఆరు గంటలకు ఫోను.

"ఏమిరా, సముద్రంలో ఏమన్నా ఉండాదా?"

ఉట్టి మీద పెరుగేమన్నా ఉందా అన్నట్టు అడిగాడు. లేదని చెప్పడానికి మనసు రాలేదు. ఆ రోజు నుంచి నా డ్యూటీ సముద్రానికి కాపలా.

కాపలా ఒక్కడితో అయ్యేది కాదు. సప్తగిరి సర్కిల్ దగ్గర ఉగ్గాని, బజ్జీ దొరికే ఒక చోట నాలాంటి వాళ్లు ఇంకో ముగ్గురు దొరికారు. ఒకాయన బ్యాంకులో పనిచేసి రిటైరైనాడు. ఇంకొకాయనకు ఎలక్ట్రికల్ సామాన్ల అంగడి ఉంది. మూడో వాడు గ్రూప్-2కు ఆరేళ్లుగా చదువుతున్న కుర్రవాడు. వాడికి ఆంధ్రప్రదేశ్ వెదర్‌మ్యాన్ పేరుతో తెలుగులో వానల కబుర్లు చెప్పే సాయి ప్రణీత్ అంటే ప్రాణం. తిరుపతి పిల్లోడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ రైతులకు వాతావరణం చెప్తాడు, 2021లో ప్రధానమంత్రి 'మన్ కీ బాత్'లో అతని పేరెత్తాడు. ఆ రోజు మా వాడు అందరికీ టీ ఇప్పించాడు. డబ్బులు మాత్రం బ్యాంకాయన ఇచ్చాడు.

వానను ముందే చెప్పే కంప్యూటరు లెక్కల్లో బ్యాంకాయనది యూరప్ మోడలు. బొలోన్యా అని ఇటలీలో ఒక ఊరుందంట, అక్కడి సూపర్ కంప్యూటరు భూమినంతా తొమ్మిది కిలోమీటర్ల గళ్లుగా కోసి లెక్క కడుతుంది. అంగడాయనది అమెరికా వాళ్ల జీఎఫ్ఎస్. రోజుకు నాలుగు తూర్లు లెక్క మారుస్తుంది, పదహారు రోజుల ముందు దాకా చెప్తుంది. ఆ చివరి వారం రోజుల్లో అది పుట్టించే తుపానులకు లెక్క లేదు. అన్నీ బంగాళాఖాతం నిండా ఎర్రగా, గుండ్రంగా, చూడముచ్చటగా ఉంటాయి. నాలుగు రోజులు పోయినాక చూస్తే ఒక్కటీ ఉండదు. "అది తుపాను కాదప్పా, ఎన్నికల హామీ" అంటాడు బ్యాంకాయన. "మీది తెలివైంది లే, వాన పడినాక చెప్తాది" అంటాడు అంగడాయన. సినిమా హీరోల అభిమానులు కొట్టుకున్నట్టు కొట్టుకుంటారు. ఇద్దరి అంచనాలూ విని మా నాయనకు సగటు తీసి చెప్పడం నా పని.

సాయంత్రం లెక్క మా టైములో రాత్రి తొమ్మిదిన్నర దాటాక బయటికి వస్తుంది. అప్పటికి మా ఇంట్లో టీవీ సీరియల్ అయిపోతుంది, నాది మొదలవుతుంది. రెంటికీ పెద్ద తేడా లేదంటుంది మా ఆవిడ. రేపు ఏదో జరుగుతాదని చెప్పి ఆపేస్తారు, రేపు చూస్తే ఏమీ జరగదు.

సముద్రంలో గాలికి ప్రమోషన్లు ఉంటాయి. మొదట ఉపరితల ఆవర్తనమని అప్రెంటిస్‌గా చేరుతుంది. తర్వాత అల్పపీడనం. గాలి గంటకు 31 కిలోమీటర్లు అందుకుంటే వాయుగుండం, 50 దాటితే తీవ్ర వాయుగుండం. 61 దాకా అనామకురాలే. ఇంకొక్క కిలోమీటరు పెరిగిందా, నామకరణం చేస్తారు. పేర్లు పెట్టేది 13 దేశాలు. తలా 13 పేర్లు ఇచ్చి 169 పేర్ల జాబితా 2020లో తయారు చేశారు. మన దేశం ఇచ్చిన వాటిలో 'ఆగ్' కూడా ఉంది. తుపానుకు నిప్పు అని పేరు పెట్టింది ఎవరో గానీ, మా జిల్లాలో ఒక ఎండాకాలం గడిపి ఉంటాడు.

ఆ జాబితాలోనే 'నీర్' ఉంది. దాన్ని చూసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. మా పొలం మీదికి వచ్చేది అదే అయి ఉంటుందని కూర్చొని లెక్క వేశాను. వరసలో దానిది 93వ స్థానం. 2020 జూన్‌లో నిసర్గతో మొదలైతే 2025 ఆఖరుకు, దిత్వాతో కలిపి, అయిపోయినవి 26. ఈ నడకన 'నీర్' రావాలంటే 2040 దాకా ఆగాలి. నాకు డెబ్భై దాటి ఉంటాయి. మా నాయనకు చెప్తే, "వంద నిండుతాయి లే నాకు, చూసే పోతా" అన్నాడు.

ఆయనకు మోడళ్లతో పనిలేదు. తుపాను అప్రదక్షిణంగా తిరుగుతుందని, అది ఒడిశా వైపో బెంగాల్ వైపో పోతే మా మీదికి ఉత్తరం నుంచీ పడమటి నుంచీ పొడిగాలిని లాగి ఉన్న మబ్బుల్ని కూడా ఊడ్చుకుపోతుందని, చెన్నైకీ నెల్లూరుకూ మధ్య తీరం దాటి నేరుగా లోపలికొస్తేనే మాకు తూర్పుగాలి, వాన అని నేను పుస్తకాలు చదివి, బొమ్మలు చూసి, రెండేళ్లు కష్టపడి నేర్చుకున్నాను. అదంతా ఒక ఆదివారం ఆయనకు విడమరచి చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. "అంటే తూర్పుగాలి తిరిగితే వాన అంటావు" అన్నాడు. ఆ మాట వాళ్ల తాత చెప్పేవాడంట. ఆయన పక్క పొలం ఆసామికైతే ఇంకో సిద్ధాంతం ఉంది. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టినప్పటి నుంచీ అవి మబ్బుల్ని విసనకర్రలాగా తోసేస్తున్నాయంటాడు. మర గాలికి తిరుగుతుందే గానీ గాలిని పుట్టించదని చెప్పబోయాను. "మరి మీ ఇంట్లో ఫ్యానో?" అన్నాడు. అంతటితో ఆపేశాను.

ఇంత చదువుకున్నాక వానను కొలవకపోతే ఎట్లా? రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా మెడ కోసి, తలకిందులుగా గరాటులాగా బోర్లించి, అడుగున ఉన్న వంపులు నిండేదాకా సిమెంటు పోసి, పక్కన మా పిల్లల పాత స్కేలు అంటించాను. ఒక మిల్లీమీటరు అంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీళ్లు. మేడ మీద పెట్టాను. రెండు నెలలు దాంట్లో పావురం ఈకలు తప్ప ఏమీ పడలేదు.

ఒక కార్తీకంలో, ఏ తుపానో పేరు చెప్పను, రాత్రంతా మోడం కట్టి ఉంది. యూరప్ పన్నెండు మిల్లీమీటర్లు అంది, అమెరికా రెండు అంది. పొద్దున లేచి మేడ ఎక్కితే నేలంతా తడి. సీసాలో పద్నాలుగు! చేతులు వణికాయి. వెంటనే మా వాళ్లకు చేరవేశాను. బ్యాంకాయన ఆ పూట అందరికీ ఉగ్గాని పెట్టించాడు. కుర్రవాడు నోటుబుక్కులో తేదీ వేసి ఎర్రసిరాతో రాసుకున్నాడు. అంగడాయన మాట్లాడకుండా బజ్జీ తిన్నాడు.

నాయనకు ఫోను చేశాను. "యాడరా వాన? ఈడ దుమ్ము లేస్తాంది" అన్నాడు. పల్లె మాకు పాతిక కిలోమీటర్లు. స్థానికంగా మబ్బు కమ్మి ఉంటుందని, ఇట్లాంటివి జరుగుతుంటాయని శాస్త్రం చెప్పాను. ఊఁ కొట్టాడు.

సాయంత్రం మా ఆవిడ, "రాత్రి మోటరు ఆపడం మర్చిపోతిరి, ట్యాంకు పొర్లి మేడంతా నీళ్లు" అంది. పైకి పోయి చూశాను. ట్యాంకు గొట్టం సరిగ్గా నా సీసా నెత్తిన ఉంది. ఈ సంగతి ఈ రోజు దాకా మా వాళ్లకు చెప్పలేదు. ఆ పద్నాలుగు మిల్లీమీటర్లు కుర్రవాడి నోటుబుక్కులో అట్లాగే ఉన్నాయి. యూరప్ మోడలు గొప్పదనానికి రుజువుగా బ్యాంకాయన దాన్ని ఇప్పటికీ చూపిస్తుంటాడు.

నాకొక తోడల్లుడున్నాడు, బాపట్లలో. 2023 అంటే మాకు చెడ్డ సంవత్సరం. ఆ ఆగస్టు, 1901 నుంచి లెక్కలున్న కాలంలో దేశం మొత్తానికే అంత పొడి ఆగస్టు లేదన్నారు. చెనిక్కాయకు ఊడలు దిగే అదనులో పదును లేదు. డిసెంబరు మొదట్లో మిచాంగ్ తుపాను చెన్నై ఎదురుగా వచ్చి నిలబడినప్పుడు, బోర్లకన్నా ఊట వస్తుందని మేం నలుగురం సర్కిల్ దగ్గరే కాపురం పెట్టినంత పని చేశాం. అప్పుడు తోడల్లుడు ఫోను.

"అన్నయ్యగారూ, మీ ఫోనులో ఏమంటోందండీ? మా మీదికేనా?"

"అట్లనే ఉండాది తమ్ముడూ. రాత్రి దాకా చెన్నై దగ్గరే దాటుతుందని ఆశ ఉండె."

"ఆశేంటండీ?"

నాలుక కరుచుకున్నాను. వాళ్లమ్మది దివిసీమ. 1977 నవంబరు 19 తుపాను రాత్రి నుంచి బయటపడిన మనిషి. గాలి కొంచెం హోరెత్తితే ఇప్పటికీ పడుకోదు, పిల్లలందరినీ ఒక గదిలోకి పిలిచి కూర్చోబెడుతుందంట. వాళ్లు ఏ గాలి రాకూడదని మొక్కుకుంటారో, దాని తోక పట్టుకొని ఇటు లాగమని మేం మొక్కుకుంటాం. ఒకే దేవుడికి రెండు అర్జీలు పెట్టాం, అదీ ఒకే మామగారి అల్లుళ్లం.

మిచాంగ్ తీరం వెంబడే పైకి పాకి డిసెంబరు 5 మధ్యాహ్నం బాపట్ల దగ్గర దాటింది. తోడల్లుడి కోతకొచ్చిన వరి నేలకొరిగింది, రేకులు లేచిపోయాయి. నా సీసాలో రెండు మిల్లీమీటర్లు. ఈసారి ట్యాంకు కాదు, చూసుకున్నాను. స్కూటరు సీటు తుడుచుకునేంత వాన. ఆయనకు ఫోను చేసి ఏం మాట్లాడాలో తెలియక, "అమ్మ పడుకునిందా?" అని అడిగాను.

మా నిఘా ఎంత గట్టిదో చెప్పడానికి 2022 అక్టోబరు ఒక్కటి చాలు. అమెరికా మోడలు బంగాళాఖాతంలో ఒక మహా తుపానును చూపిస్తోంది. అది ఎక్కడ దాటుతుందా అని మేం నలుగురం వాదించుకుంటున్నాం. అదే వారం, పేరున్న తుపాను ఒక్కటీ లేని రోజున, మామూలు మబ్బొకటి అనంతపురం మీద కూర్చొని కురిసింది. నడిమివంక పొంగింది. రుద్రంపేట వైపు కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లు, జనాన్ని పడవల మీద బయటికి తెచ్చారు. అనంతపురంలో పడవలు! మా కరువు ఊరి కథ చెప్పమంటే మేం చెప్పేది కూడా తెగబోయే చెరువుకట్టకు ప్రాణమిచ్చిన ముసలమ్మ కథే. కరువు ఊరు కూడా మునుగుతుందని మా పెద్దవాళ్లకు ముందే తెలుసు. మాకే, ఫోనులో పదహారు రోజుల అవతలికి చూస్తూ, వాకిట్లో వాన కనపడలేదు. ఆ మహా తుపాను చివరికి సిత్రంగ్ అనే పేరుతో అక్టోబరు 24 రాత్రి బంగ్లాదేశ్‌కు పోయింది. అంగడాయన వారం రోజులు సర్కిల్‌కు రాలేదు. అంగట్లోకి నీళ్లొచ్చాయని చెప్పాడు గానీ, మాకు అనుమానమే.

మొన్న కార్తీకంలో మళ్లీ పొద్దున్నే ఆరింటికి ఫోను.

"ఏమిరా, సముద్రంలో ఏమన్నా ఉండాదా?"

గొంతులో తేడా ఉంది. చెనిక్కాయ పీకేశారు, కట్టెంతా చేన్లో ఆరతాంది. ఇప్పుడు నాలుగు చినుకులు పడినా కాయ నల్లబడుతుంది, ఇంకో రెండు రోజులు ముసురు పడితే మొలకెత్తుతుంది, మేతకు పెట్టుకున్న కట్టె కుళ్లుతుంది. విత్తనమప్పుడు, ఊడలప్పుడు మొహం చాటేసిన వాన వచ్చేది ఈ వారంలోనే. జాబితాలో దానికి ఏ పేరున్నా మా పల్లెలో దాని పేరు ఒకటే, అది అచ్చు వేయదగింది కాదు.

చూశాను. శ్రీలంక పక్కన వాయుగుండం. యూరప్, అమెరికా పుట్టి బుద్ధెరిగినాక మొదటిసారి ఒకే మాట మీదున్నాయి. చెన్నై, నెల్లూరు మధ్య. నేరుగా లోపలికి.

"ఉండాది నాయనా. ఎల్లుండి తూర్పుగాలి తిరుగుతుంది. ఇరవై మిల్లీమీటర్ల దాకా చూపిస్తాంది."

అవతల చాలాసేపు సద్దు లేదు. ఎవరినో పిలిచి పట్టలు దించమని కేకేయడం వినిపించింది. మళ్లీ ఫోను దగ్గరికొచ్చాడు.

"ఇది నిజమైన వాననే కదరా? మీ ట్యాంకు వాన కాదు కదా?"