లేని గడియారానికి వెల

మా రోజుల్లో కారులోంచి ఏదైనా తీసేస్తే ధర తగ్గేది. ఇప్పుడు తీసేసినందుకు కూలి కూడా మన దగ్గరే వసూలు చేస్తున్నారు. కార్పెట్ పీకేసినందుకు ఇంత, అద్దం పల్చన చేసినందుకు ఇంత, వెనక సీటు లేనందుకు ఇంకొంత. అంతా అయ్యాక లోపల ఒక లోహపు బిళ్ల బిగిస్తారు, దాని మీద ఒక నంబరు. ఆ బిళ్ల బరువెంతో మాత్రం ఎవరూ చెప్పరు.

ఈ ముసలాడికి స్పోర్ట్స్ కార్ల గొడవ ఎందుకంటారేమో. నేను మద్రాసు ఐఐటీలో మెకానికల్ చదివినవాణ్ణి. పశ్చిమ జర్మనీ సాయంతో పెట్టిన కాలేజీ కాబట్టి మాలో కొందరికి అటు వెళ్లే దారి దొరికేది. అలా డెబ్బైల మొదట్లో స్టుట్‌గార్ట్ చేరాను. అక్కడ పోర్షే కార్లు మనూళ్లో అంబాసిడర్లంత మామూలుగా కనబడేవి. కొనే స్తోమత లేదు గానీ, చూడ్డానికి టికెట్ అక్కర్లేదు కదా!

1972 అక్టోబరులో పారిస్ మోటార్ షోలో పోర్షే వాళ్లు 911 కరేరా ఆర్ఎస్ 2.7 చూపించారు. అది షోకు కోసం పుట్టిన కారు కాదు. రేసులో దిగాలంటే ఆ రకం కార్లు కనీసం 500 తయారు చేసి చూపాలన్నది నాటి నిబంధన. రేసుకు నమోదయ్యే బరువు ఎంత తక్కువుంటే అంత మేలు. అందుకని రేకు పల్చన చేశారు, అద్దాలు పల్చన చేశారు. వెనక సీట్లు, తివాచీ, చప్పుడు ఆపే మెత్తలు, చేతులు ఆనించుకునే దిమ్మలు, కోటు తగిలించుకునే కొక్కెం, చివరికి గడియారం కూడా తీసేశారు. తలుపు లోపలి పిడి స్థానంలో ఒక పట్టీ పెట్టారు. బానెట్ మీద లోహపు ముద్ర పీకేసి స్టిక్కరు అంటించారు! ముద్ర ఎన్ని గ్రాములుంటుంది? అయినా తీశారు. దాన్నంటారు పట్టుదల.

ఇప్పుడు ధర వినండి. కారు 34,000 మార్కులు. పైన చెప్పినట్టు బోసిగా కావాలంటే, దాన్ని స్పోర్ట్ అనేవారు, ఇంకో 700 మార్కులు. అదే కారులో తివాచీ, గడియారం, సీట్లు, తలుపు పిడులు అన్నీ ఉండాలంటే 2,500 మార్కులు. దాని పేరు టూరింగ్. అంటే సౌకర్యానికి డబ్బు ఎక్కువ, బోసితనానికి తక్కువ. లెక్క తిన్నగా ఉంది. స్పోర్ట్ 960 కిలోలు, టూరింగ్ 1,075 కిలోలు. రెండింటిలోనూ 210 గుర్రాల ఇంజనే. సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగానికి ఒకటి 5.8 సెకన్లలో, రెండోది 6.3 సెకన్లలో చేరేవి. 115 కిలోలు తగ్గిస్తే అర సెకను వచ్చిందన్నమాట.

అయిదు వందలు అమ్ముడవుతాయా అని కంపెనీలో అమ్మకాలవాళ్లకే అనుమానం. పారిస్ షో అయ్యి నవంబరు దాటకుండానే అయిపోయాయి. చివరికి 1,580 తయారు చేశారు. అందులో టూరింగ్‌లు 1,308. స్పోర్ట్‌లు 200. చదివేవాళ్లు ఈ అంకెల దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ఆ కాలపు జర్మన్లకు ఆటోబాన్ ఉంది, వేగానికి అడ్డులేదు, కారంటే ప్రాణం. అయినా అంతమందీ గడియారం ఉన్నదే కొనుక్కున్నారు. బుద్ధిమంతులు.

మ్యూనిక్ వాళ్లదీ అదే కథ. బీఎండబ్ల్యూ 3.0 సీఎస్ఎల్ అని అల్యూమినియం తలుపులు, బానెట్, డిక్కీ మూత పెట్టి తేలిక చేశారు. ఇంగ్లండుకు పంపబోతే అక్కడివాళ్లు ఇంత బోసి కారుకు అంత ధరేమిటని మొహం చిట్లించారు. దాంతో ఆ దేశానికి వెళ్లిన 500 కార్లలో సిటీ ప్యాకేజీ అని పేరు పెట్టి తీసేసిన సామాను చాలావరకు మళ్లీ బిగించి పంపారు. తేలిక కారును బరువు చేసి అమ్మడం! నవ్వుకున్నాం గానీ అందులో దాపరికం లేదు.

ఇక ఈ కాలానికి వద్దాం. 2016లో 911 ఆర్ అని ఒకటి వచ్చింది. 1967లో అదే పేరుతో 800 కిలోల రేసు కారు చేశారు, గుప్పెడే చేశారు, ఆ పేరు అరువు తెచ్చుకున్నారు. కొత్తది 1,370 కిలోలు. మెగ్నీషియం కప్పు, కార్బన్ బానెట్, చేత్తో మార్చే ఆరు గేర్లు, 4 లీటర్ల ఇంజను, 500 గుర్రాలు. అమెరికాలో ధర 1,84,900 డాలర్లు. 991 మాత్రమే చేస్తామన్నారు. ఎందుకు 991? ఆ తరం 911కి కంపెనీ లోపలి నంబరు 991 గనక. ఖైరతాబాద్ ఆర్టీఏ ఆఫీసులో 9999 కోసం లక్షలకు లక్షలు పాడేవాళ్లకు ఈ తర్కం విడమరచి చెప్పక్కర్లేదు. తయారీ పూర్తవుతుండగానే అమ్మేవాళ్లు పది లక్షల డాలర్లు అడగడం మొదలెట్టారు. కిలోమీటర్లు తిరగని కార్లు, సీట్ల మీద ప్లాస్టిక్ తొడుగు తియ్యని కార్లు.

ఆ మరుసటి ఏడు పోర్షే వాళ్లే జీటీ3 టూరింగ్ తెచ్చారు. అవే 4 లీటర్లు, అవే 500 గుర్రాలు, చేతి గేర్లు, వెనక రెక్క లేదు, ఎంతమందికైనా చేస్తాం, ధర 1,43,600 డాలర్లు. బరువు 1,413 కిలోలు. వెంటనే 911 ఆర్ బజారు ధర దిగడం మొదలైంది. నా మటుకు ఈ వాదంలో ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. కొన్నవాళ్లు తేలికతనానికే డబ్బు పోసుంటే ధర తగ్గకూడదు, ఆ 43 కిలోల తేడా నిన్న ఉంది, నేడూ ఉంది. తగ్గింది కిలోల విలువ కాదు, మరొకడి దగ్గర లేదన్న ధీమా విలువ.

కంపెనీ ధరల మీదే లెక్క కడదాం, బజారు పిచ్చి వదిలేసి. 41,300 డాలర్లకు 43 కిలోలు. కిలోకి 960 డాలర్లు. 60 లీటర్ల పెట్రోలు బరువు సుమారు 45 కిలోలు. ట్యాంకు అడుగంటేదాకా నడిపి అయిదారు లీటర్లు పోయించుకుంటూ తిరిగితే దాదాపు ఆ తేలికతనమంతా ఊరికే వస్తుంది! ఇంకా కావాలంటే పక్క సీట్లో బావమరిదిని దింపెయ్యొచ్చు.

ఇదే చవక అనిపించేవీ ఉన్నాయి. పోర్షే 918 స్పైడర్ అని 8,45,000 డాలర్ల కారుకు వైసాహ్ ప్యాకేజీ అని 84,000 డాలర్ల అదనం, తగ్గింది 41 కిలోలు. కిలో రెండు వేల పైమాటే. అన్నట్టు 918 కార్లు ఎన్ని చేశారో చెప్పుకోండి? 918.

బరువు తగ్గితే లాభం లేదని నేననడం లేదు, నలభై ఏళ్లు ఇంజనీరుగా బతికినవాణ్ణి ఎలా అంటాను? ఇంజను బలం తిన్నని రోడ్డు మీద బరువును కప్పిపుచ్చుతుంది. మలుపులో కప్పిపుచ్చలేదు. అక్కడ టైరు ఎంత పక్కకు తొయ్యాలి, బ్రేకు ఎంత వేడి తట్టుకోవాలి అనేవన్నీ బరువే నిర్ణయిస్తుంది. కానీ కిలోలన్నీ ఒకటి కావు. చక్రంలో తగ్గిన కిలో స్ప్రింగు కింద తగ్గినట్టు. గతుకులో చక్రం త్వరగా తేరుకుని నేలను పట్టుకుంటుంది, తిప్పడానికీ ఆపడానికీ శ్రమ తగ్గుతుంది. కప్పులో తగ్గిన కిలో కారు గురుత్వ కేంద్రాన్ని కిందికి దించుతుంది. కాళ్ల కింద తివాచీలో తగ్గిన కిలో చేసేదల్లా చెవులు హోరెత్తించడం. అందుకని మెగ్నీషియం చక్రాలకు, పింగాణీ బ్రేకు డిస్కులకు డబ్బు అడిగితే నేను తగువుకు రాను. అవి చెయ్యడం కష్టం, పోతపోయడం కష్టం, పనితనం ఉంది. రేడియో లేనందుకు అడిగితేనే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక బ్యాటరీ సంగతి. 2010లో ఈ పోర్షే వాళ్లే 1,904 యూరోలకు లిథియం బ్యాటరీ పెట్టారు. మామూలు దానికంటే 10 కిలోలు తేలిక. కిలోకి 190 యూరోలు, మిగతావాటితో పోలిస్తే ధర్మమైన బేరమే. అయితే గడ్డకట్టే చలిలో అది సరిగ్గా స్టార్టు చెయ్యదని, దాంతోపాటు మామూలు బ్యాటరీ కూడా ఇచ్చేవారు. ఎండాకాలానికి ఒకటి, చలికాలానికి ఒకటి. కనీసం ఉన్నమాట చెప్పారు.

మా మేనల్లుడు డాలస్‌లో గుండె డాక్టరు. వాడికి 2023లో వచ్చిన 911 ఎస్/టీ దొరికింది. దొరికింది అనే వాడన్నాడు, కొన్నానని అనలేదు. 1,963 కార్లే, మొదటి 911 లోకానికి కనబడింది 1963లో కనుక. 2,90,000 డాలర్లు. అప్పటి జీటీ3 టూరింగ్ కంటే లక్ష పైన ఎక్కువ, బరువు 38 కిలోలు తక్కువ. ఇంకా వింత, అమెరికాలో దాన్ని మొదటి ఏడాది అమ్మలేదు, అద్దెకే ఇచ్చారు. చేతికి రాగానే లాభానికి తిప్పేస్తారని కంపెనీకి భయం.

"నీ మీద నమ్మకం లేనివాడి దగ్గర మూడు లక్షల డాలర్ల సరుకు కొంటావా?" అన్నాను.

"ఎవరి మీదా లేదు మావయ్యా, నా ఒక్కడి మీదే కాదు" అన్నాడు. వాడికది ఊరటట.

ఆ కారు నేనెక్కాను. అబద్ధమెందుకు, ఇంజను అద్భుతం. తొమ్మిది వేల చుట్ల దాకా పాడుతుంది. క్లచ్ తేలిక చేశారు, ఫ్లైవీల్ తేలిక చేశారు, కాలు ఇలా ఆనిస్తే అలా పలుకుతుంది. అది పనితనం, దాని ధర దానిది. అయితే ఆ కారు సొంతదారులకు మాత్రమే అమ్మే చేతి గడియారం కూడా ఒకటుంది. టైటానియంతో చేశారు, తేలిక కోసం. 1972లో ఏ గడియారం బరువని కారులోంచి పీకేశారో, దాన్ని యాభై ఏళ్ల తర్వాత వేరే బిల్లు మీద చేతికి కట్టే ఏర్పాటు! మావాడు కట్టుకున్నాడు కూడా.

మరి తేలిక కారు కావాలనుకునే మామూలు మనిషి సంగతేమిటి? దానికీ మంచి జవాబులే ఉన్నాయి, పరిమిత సంఖ్య లేని జవాబులు. ఇంగ్లండులో కాలిన్ చాప్‌మన్ లోటస్ సెవెన్‌ను విడి భాగాలుగా అమ్మేవాడు. ఇంట్లో బిగించుకుంటే కొనుగోలు పన్ను తప్పేది, కారేమో బోసిగా పుట్టేది. 1996లో అదే కంపెనీ ఎలీజ్ తెచ్చింది, అల్యూమినియం కడ్డీలను జిగురుతో అతికించి చేసిన చట్రం, మొత్తం 725 కిలోలు. అందులో తేలికతనం ప్రత్యేక సంచిక కాదు, అసలు కారే అది. జపానులో మాజ్దా వాళ్లు మొన్నీమధ్య రోడ్‌స్టర్ 990ఎస్ అని అమ్మారు. పేరులో ఉన్నదే బరువు. ఎక్కువ హంగులు లేని రకం తీసుకుని, మంచి చక్రాలు, బ్రేకులు బిగించి, ఓపిగ్గా దిద్దారు. ఇలాంటివాటి మీద నంబరు బిళ్లలుండవు కాబట్టి గాజు గదుల్లో దాచిపెట్టరు, వానలో తడుస్తూ తిరుగుతుంటాయి.

కాలం మారిందని నాకూ తెలుసు. ఎయిర్‌బ్యాగులు, గుద్దుకుంటే ముడుచుకునే చట్రం, పక్క దెబ్బను ఆపే ఉక్కు, ఇవన్నీ బరువే, ఉండాల్సిన బరువు. 1972 నాటి ఆర్ఎస్ నేటి పరీక్షల్లో ఒక్కటీ నెగ్గదు. అందుకే 960 కిలోల 911 మళ్లీ రాదు, 1,370 దగ్గరే ఆగడం నిజంగా గొప్ప. నా గొడవ ఆ ఇంజనీర్లతో కాదు. వాళ్లు గ్రాము గ్రాముకు కొట్లాడి తెచ్చినదాన్ని నంబరు బిళ్లతో కలిపి కట్టే అమ్మకాలవాళ్లతో, దాన్ని కొని నడపకుండా దాచేవాళ్లతో.

మా కాలం కార్లకూ ఈ జబ్బు అంటుకుంది మరి. ఆ 200 స్పోర్ట్‌ల ధర ఆకాశానికి పోవడంతో, టూరింగ్ ఉన్నవాళ్లలో కొందరు తివాచీ, గడియారం, వెనక సీట్లు ఊడబెరికి స్పోర్ట్‌లా వేషం వేయించారు. ఆనాడు 2,500 మార్కులిచ్చి బిగించుకున్నదాన్ని ఈనాడు మెకానిక్కుకు డబ్బిచ్చి విప్పించుకోవడం. అందుకే ఇప్పుడు కొనేవాడు మొదట అడిగేది ఫ్యాక్టరీ కాగితాల్లో ఎం471 ఉందా అని. స్పోర్ట్‌కు ఆ సంకేతం, టూరింగ్‌కు ఎం472.

"మీకు ఊరికే ఇస్తానంటే ఏది తీసుకుంటారు మావయ్యా?" అని మావాడు మొన్న ఫోనులో మళ్లీ గెలికాడు. ఎం472 అన్నాను. ఎవరూ ఒక్క మర కూడా విప్పనిది, తలుపుకు సరైన పిడి ఉన్నది. పట్టీ పట్టుకుని తలుపు లాక్కునే భుజం కాదురా నాది అన్నాను. వాడు డాక్టరు కదా, ఫిజియోథెరపీ మొదలెట్టారా అనడిగాడు.