గడువు తీరిన బండి: లక్షణాలు, రకాలు, చికిత్స

కారుకు రెండు ఆరోగ్యాలు. ఒకటి బానెట్ కింద ఉంటుంది, రెండోది డాష్‌బోర్డు అరలో ప్లాస్టిక్ కవరులో ఉంటుంది. మొదటిది చెడితే బండి కీచుమనో గీమనో తానే చెప్పుకుంటుంది. రెండోది చెడితే ఆ సంగతి చెప్పడానికి ఖాకీ చొక్కా రావాలి. గడువు తేదీ అర్ధరాత్రి దాకా నిక్షేపంగా ఉన్న కారు, గంట పన్నెండు కొట్టగానే చట్టం దృష్టిలో రిజిస్టరే కాని కారవుతుంది. ఆ క్షణాన బ్రేకుకు ఏమీ కాదు, స్టీరింగుకు ఏమీ కాదు. అయ్యేది యజమానికి. అది అతనికి తెలిసేసరికి నెలలు గడుస్తాయి.

1988 మోటారు వాహనాల చట్టం బండ్లను రెండు జాతులుగా చూస్తుంది. టాక్సీ, ఆటో, బస్సు, లారీలది ఒక జాతి. వీటికి సెక్షన్ 56 కింద ఫిట్‌నెస్ సర్టిఫికెట్, జనం నోట ఎఫ్‌సీ, తప్పనిసరి. బండికి ఎనిమిదేళ్లు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా. సొంత కారుది రెండో జాతి. దానికి విడిగా ఎఫ్‌సీ ఉండదు. రిజిస్ట్రేషన్ ఉన్న పదిహేనేళ్లూ ఫిట్‌నెస్ ఉన్నట్టే. ఆపైన బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసి సరేనంటే అయిదేళ్ల చొప్పున పొడిగింపు. అందుకే "కారుకు ఎఫ్‌సీ ఏంటండీ" అన్న మాట పద్నాలుగేళ్ల పదకొండు నెలల పాటు నిజం. అన్నేళ్లు నిజమైన మాటను ఒక్క నెలలో మార్చుకోవడం ఎవరికైనా కష్టమే.

ఈ రెండో జాతి నమూనా ఒడిశాలోని బరంపురం గేట్ బజార్‌లో తేలిగ్గా దొరుకుతుంది. దాన్ని నంబరు ప్లేటును బట్టి గుర్తించవచ్చు. ఒరిస్సా 2011లో ఒడిశా అయింది. మరుసటి ఏడాది బండ్ల మీది ఓఆర్ కాస్తా ఓడీ అయింది. కాబట్టి ఓఆర్-07 అన్న ప్లేటు కనబడితే ఆ కారుకు పదిహేనేళ్లు నిండాయనో, నిండబోతున్నాయనో లెక్క. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, అదే సీ బుక్కు, తెరవనక్కర్లేదు. రాష్ట్రం పేరు మారిన సంగతి ఊరందరికీ తెలుసు, కారు వయసు మాత్రం యజమాని ఒక్కడికే తెలియదు.

వ్యాధికి కారణం మతిమరుపు అంటారు గానీ ఆ వాదన బరంపురంలో నిలవదు. బుఢీ ఠాకురాణి జాతర ఇక్కడ రెండేళ్లకోసారి వస్తుంది. దేశిబెహెరా వీధిలో అమ్మవారు ఎప్పుడు దిగుతుందో, ఘటం ఏ వీధిలోకి ఎప్పుడు వస్తుందో చెప్పలేని ఇల్లు ఉండదు. దుబాయిలో ఉన్న కొడుకు కూడా టికెట్టు ముందే కొంటాడు. అదే ఇంటి వాకిట్లోని టాక్సీ ఎఫ్‌సీ కూడా సరిగ్గా రెండేళ్లకే వస్తుంది. దాని తేదీ ఎవరికీ గుర్తుండదు. అమ్మవారికి కోపం వస్తుందన్న భయం ఉంది, రవాణా శాఖకు వస్తుందన్న భయం లేదు.

లక్షణాలు చెకింగ్ దగ్గర బయటపడతాయి. ట్రాఫిక్ పోలీసు "కాగజ దెఖాంతు" అంటాడు. కారులోని తెలుగు పెద్దమనిషి అర వెతికి, సన్ వైజర్ వెతికి, భార్య హ్యాండ్‌బ్యాగు వెతికి, చివరికి ఒడియాలోనే "ఆజ్ఞా, కాలి పర్యంత థిలా" అంటాడు. నిన్నటిదాకా ఉందండీ అని దాని అర్థం. ఒడియాలో 'కాలి' అంటే నిన్న, 'కాలి' అంటేనే రేపు. గడువు తీరింది కాలి, రెన్యూ చేయించేదీ కాలి. భాష ఇంత సౌకర్యం కల్పించిన చోట మనిషి తొందరపడడు.

ఈ తనిఖీకి శతాబ్దం దాటిన చరిత్ర ఉంది. దేశానికంతటికీ మొదటి మోటారు చట్టం 1914లో వచ్చింది. అప్పుడు బరంపురం ఉన్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న జిల్లా ఒడిశాలో కలిసింది. చట్టం 1939లో ఒకసారి, 1988లో ఒకసారి మారింది. రాజధాని మారింది, కచేరీ భాష మారింది, "రేపు చేయిస్తాం సార్" మారలేదు.

తనిఖీలో ఏం చూస్తారు? బ్రేకు, స్టీరింగు, లైట్లు, హారను, వైపరు, స్పీడు మీటరు, పొగ. వీటిని చూడాల్సిన అవసరం ఈ ఊళ్లో కొంచెం ఎక్కువే. గోపాలపురం సముద్రం పక్కనే ఉంది. ఉప్పుగాలికి బండి అడుగుభాగం నిశ్శబ్దంగా తుప్పు పడుతుంది. పైన మాత్రం ఆదివారం పూట షాంపూతో కడిగిన మెరుపు ఉంటుంది. యజమాని చూసేది మెరుపును, ఇన్‌స్పెక్టర్ వంగి చూడాల్సింది తుప్పును. ఇద్దరూ నిలబడే మాట్లాడుకుంటే సర్టిఫికెట్ త్వరగా వస్తుంది.

శిక్షల సంగతి ఒడిశా మిగతా దేశానికి పాఠం చెప్పింది. సవరించిన చట్టం 2019 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చింది. నాలుగు రోజులు తిరక్కుండానే భువనేశ్వర్‌లో ఒక ఆటోకు 47,500 రూపాయల చలానా రాశారు. తాగి నడిపినందుకు 10,000, పర్మిట్ లేనందుకు 10,000, పొల్యూషన్‌కు 10,000, లైసెన్సుకు 5,000, లైసెన్సు లేనివాడికి బండి ఇచ్చినందుకు 5,000, రిజిస్ట్రేషన్-ఫిట్‌నెస్‌కు 5,000, ఇన్సూరెన్సుకు 2,000, ఇతరాలకు 500. అంతకు కొద్ది రోజుల ముందే ఆ ఆటోను పాతబండిగా 26,000కు కొన్నారట. బండి కంటే చలానా ఖరీదైతే ఏది ఎవరికి వదిలేయాలో చట్టం చెప్పలేదు. గోల పెరిగి, కాగితాలు సరిచేసుకోమని ప్రభుత్వం మూడు నెలలు సడలింపు ఇచ్చింది. మూడు నెలలంటే మళ్లీ మరిచిపోవడానికి సరిపోయే కాలం.

గడువు తీరిన బండ్లకు ఒక స్వర్ణయుగమూ ఉంది. 2020 ఫిబ్రవరి 1 తర్వాత గడువు తీరిన ఫిట్‌నెస్, పర్మిట్, రిజిస్ట్రేషన్, లైసెన్సులు చెల్లుతాయని కేంద్రం విడతలు విడతలుగా 2021 అక్టోబరు 31 దాకా పొడిగించింది. మనుషులకు ఒంట్లో బాగాలేని ఆ ఇరవై ఒక్క నెలలూ బండ్లన్నీ కాగితం మీద ఆరోగ్యంగా ఉన్నాయి.

ఆ యుగం ముగిసింది. ఇప్పుడు తేదీ రవాణా శాఖ వారి వాహన్ కంప్యూటరులో ఉంటుంది, దానికి కాలి-కాలి తేడా తెలుసు. ఒడిశాలో 2025 నుంచి టోల్ గేట్ల కెమెరాలు నంబరు చదివి కాగితం లేని బండికి చలానా ఫోనుకే పంపుతున్నాయి. మొదటి వంతు ఇన్సూరెన్సుది. ఇచ్ఛాపురంలో పెళ్లి భోజనం ముగించి హైవే మీద వస్తుంటే టింగుమని వచ్చేది పెళ్లి ఫొటో అనుకుని తెరిచేవాళ్లున్నారు.

అసలు దెబ్బ చలానాది కాదు, ఇన్సూరెన్సుది. పంజాబ్‌లో కొన్న ఒక బొలెరోకు తాత్కాలిక రిజిస్ట్రేషన్ 2011 జులైలో ముగిసింది. కొద్ది రోజులకే జోధ్‌పూర్‌లో రాత్రిపూట దొంగలు ఎత్తుకెళ్లారు. చెల్లే రిజిస్ట్రేషన్ లేని బండికి పరిహారం కట్టనక్కర్లేదని సుప్రీంకోర్టు 2021లో తేల్చింది. బండి పోయింది రాత్రి, పాలసీ పోయింది అంతకు ముందే. దొంగ సీ బుక్కు చూసి దొంగిలించడు, కంపెనీ మాత్రం చూసే డబ్బు కడుతుంది.

చికిత్స కష్టమైనది కాదు. గడువుకు అరవై రోజుల ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు. పదిహేనేళ్లు దాటిన కారుకు రెన్యువల్ ఫీజు 5,000, ఇరవై దాటితే 2025 ఆగస్టు నుంచి 10,000. ఆలస్యమైతే సొంత కారుకు నెలకు 500, ఎఫ్‌సీ బండికి రోజుకు 50. మతిమరుపుకు ఇంత చవకగా అద్దె పుచ్చుకునే ఆఫీసు మరొకటి లేదు.

గడువు దాటాక ఒక చిక్కు మిగులుతుంది. తనిఖీకి బండిని చూపించాలి, చూపించాలంటే రోడ్డెక్కించాలి. ఇంగ్లండ్‌లో ముందుగా బుక్ చేసుకున్న పరీక్షకు నడుపుకుంటూ వెళ్లవచ్చని చట్టమే చెబుతుంది. ఇక్కడ ఈ చిక్కును తెల్లవారుజామున, పోలీసు టీ తాగే వేళకు విప్పుతారు. క్రేన్ పిలిస్తే తలనొప్పి ఉండదు.

కాబట్టి ఈ పూట సీ బుక్కు తీసి తేదీ చూడాలి. దాటిపోయి ఉంటే సర్టిఫికెట్ చేతికి వచ్చేదాకా కారును ఇంటి దగ్గరే ఉంచాలి. గేట్ బజార్‌కు ఆటో దొరుకుతుంది. దాని ఎఫ్‌సీ తేదీ అడగడం మాత్రం మర్యాద కాదు.