బేస్ కావాలంటే మూలన కూర్చోండి

భిలాయి-3లో, చరోదాలో మన తెలుగు పిల్లలు కొందరు లాప్‌టాప్ మీద హౌస్ మ్యూజిక్ చేస్తున్నారు. కలిసినప్పుడల్లా అడిగేది ఒక్కటే: "అన్నా, పాటంతా బాగానే వస్తోంది, ఆ లోతు బేస్ మాత్రం ఎందుకు రావడం లేదు?" చెప్పిన పద్ధతులన్నీ తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు. అందుకే రావడం లేదు. నేను చెప్పేవి ఏ స్టూడియోలోనూ ఒప్పుకోరు. అయినా ఒక్క నెల ఇలా చేసి చూడండి.

మొదట హెడ్‌ఫోన్లు తీసి బీరువాలో పెట్టేయండి. బేస్ చెవికి సంబంధించింది కాదు, గోడలకు సంబంధించింది. మన పాత క్వార్టర్లలో గది పది అడుగులకు పది అడుగులు. ఆ కొలతే మీ అదృష్టం. 50 హెర్ట్జ్ శబ్దానికి ఒక అల పొడవు సుమారు 7 మీటర్లు, అంటే అది మీ గదిలో పట్టనే పట్టదు. గదిలో పట్టేది సగం అల. పదడుగుల గోడల మధ్య ఆ సగం అల సరిగ్గా ఇమిడేది, చలికాలంలో 20 డిగ్రీల గాలిలో, 56 హెర్ట్జ్ దగ్గర. ఆ స్వరం వాయిస్తే గది తనంతట తానే మోగుతుంది. గోడల దగ్గర, మూలల్లో ఎక్కువగా వినిపిస్తుంది, గది నడిమధ్యన దాదాపు మాయమవుతుంది. పొడవూ వెడల్పూ సమానమైన గదిలో రెండు వైపులా అదే స్వరం మోగుతుంది కనుక అలాంటి గదిలో మిక్సింగ్ చేయకూడదంటారు. నేను అక్కడే చేయమంటాను. స్పీకర్లను ఒక మూలకు నెట్టండి, మీరు ఎదుటి మూలన చాప వేసుకుని గోడకు వీపు ఆనించి కూర్చోండి. నురుగు పలకలు, పరుపులు గోడలకు కొట్టకండి. గది గొంతు నొక్కేసి బేస్ రావడం లేదని ఏడవడం ఎందుకు?

ఇక శ్రుతి. 440 హెర్ట్జ్ ప్రమాణాన్ని పక్కన పెట్టేయండి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. పాత వైరింగ్ ఉన్న ఇంట్లో స్పీకర్ ఆన్ చేయగానే సన్నగా హమ్ వస్తుంది. అందరూ దాన్ని తీసేయడానికి తంటాలు పడతారు. మీరు దాన్ని తంబురా అనుకోండి. (ముట్టుకుంటే షాక్ కొడుతుంటే మాత్రం వెంటనే ఎలక్ట్రీషియన్ను పిలవండి, ఆ విషయంలో నా సలహా ఇదొక్కటే.) కీబోర్డులో కింది జి స్వరం 49 హెర్ట్జ్. సింథ్ ట్యూనింగ్‌ను 35 సెంట్లు పైకి జరిపితే అది కరెంటుతో కలుస్తుంది. ఇప్పుడు లెక్క చూడండి: 50ని షడ్జమం అనుకుంటే 56 పైచిలుకు చతుశ్రుతి రిషభం, తొమ్మిదికి ఎనిమిది నిష్పత్తి. కరెంటు 'స' పలికితే గది 'రి' పలుకుతోంది. మీరు ఏమీ వాయించకముందే ఇంట్లో రెండు స్వరాలున్నాయి. మీ బేస్‌లైన్‌కు ఈ రెండూ చాలు. మూడోది వేయకండి.

ఎండాకాలం ఒక్క జాగ్రత్త ఉంది. వేడి గాలిలో శబ్దం వేగంగా నడుస్తుంది. మే నెలలో గదిలో 42 డిగ్రీలుంటే ఆ 56 కాస్తా 58 దాటి, రిషభం గాంధారం వైపు ఎక్కుతుంది. కనుక జనవరిలో చేసిన పాటను మేలో పూర్తి చేయకండి. మేలో మొదలెట్టింది మేలోనే ముగించండి, కూలర్ వేయకుండా.

అసలు శబ్దం సంగతి. ఈ లోతుకు అందరూ చూపించే నమూనా 1986లో షికాగోలో లారీ హెర్డ్ 'మిస్టర్ ఫింగర్స్' పేరుతో ఇచ్చిన 'కెన్ యూ ఫీల్ ఇట్'. మన భిలాయిలా షికాగో కూడా ఉక్కు ఊరే, అక్కడి సౌత్ వర్క్స్ ఉక్కు కర్మాగారం 1992లో మూతపడింది. ఆ పాటలోని సింథ్ రోలాండ్ జూనో-60. దాని పనితనం చాలా సాదా: ఒక అల, దానికి ఒక ఆక్టేవ్ కింద మోగే సబ్, పైన ఉన్న మెరుపును కోసేసే ఫిల్టర్. మీ సాఫ్ట్‌వేర్‌లో కూడా అదే చేయండి. చదరపు అల తీసుకుని, సబ్ కలిపి, ఫిల్టర్‌ను బాగా మూసి, స్వరం తొందరగా చల్లారేలా డికే తగ్గించండి. ఇంతవరకు అందరూ చెప్పేదే.

కానీ జూనో-60లో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడం కుదరదు. ఆ జారుడు కోసం షికాగో దాకా పోనక్కర్లేదు, మన అమ్మమ్మల ఊళ్ళకు పోతే చాలు. భిలాయికి పని కోసం వచ్చిన మనవాళ్ళలో శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళు ఎందరో. ఆ నేల మీద జముకుల కథ ఉంది. జముకు అంటే ఒక వైపు తోలు మూసిన గుల్ల, తోలు నడుమ నుంచి సాగే తంతి. ఒక చేత్తో తంతిని బిగిస్తూ వదులుతూ మరో చేత్తో మీటుతుంటే స్వరం లేచి, వంగి, కిందికి జారి పోతుంది. చిన్నప్పుడు మా అమ్మ ఊళ్ళో రాత్రి కథ విన్నప్పుడు అది చెవిలో కంటే ముందు కడుపులో తగిలింది. ఈనాటికీ నేను వెతికే బేస్ అదే. కాబట్టి పోర్టమెంటో ఆన్ చేసి, 'స' నుంచి 'రి'కి జరగడానికి అర సెకను పట్టనివ్వండి. పాట నత్తలా పాకుతోందంటారు, పాకనివ్వండి. సైడ్‌చైన్ జోలికి పోకండి. కిక్ పడే చోట బేస్ వేయకుండా ఊరుకుంటే ఆ గొడవే లేదు.

టెంపో 120. ఈ అంకెను రైలు పట్టాల నుంచి తీసుకున్నాను. పాతకాలపు పట్టా ముక్క 13 మీటర్లు. గంటకు 94 కిలోమీటర్ల వేగంతో పోయే రైలు సెకనుకు రెండు అతుకులు దాటుతుంది, అంటే నిమిషానికి 120. నా చిన్నతనపు ధడక్ ధడక్ అదే. ఇప్పుడు భిలాయి కర్మాగారం 130 మీటర్ల పట్టాను ఒకే ముక్కగా చేసి, రెండేసి కలిపి వెల్డ్ చేసి, 260 మీటర్ల పొడవుతో పంపుతోంది. మన ఊరి ఉక్కే ఆ తాళాన్ని తీసేసిందంటే నాకు దిగులుగానే ఉంటుంది. అందుకే నా పాటల్లో దాన్ని దాచుకుంటాను: అదే వేగంలో 260 మీటర్లు దాటడానికి పది సెకన్లు, ఇరవై దెబ్బలు, అంటే సరిగ్గా ఐదు బార్లు. బేస్‌లో మార్పు ఐదో బారు చివర, ఆ వెల్డు దగ్గర వేయండి. ఎనిమిది బార్ల లెక్కకు అలవాటుపడ్డ డీజేలు ఈ పాటను ఇంకో పాటలో కలపలేమంటారు. కలపనక్కర్లేదు.

ఫోన్‌లో బేస్ వినిపించడం లేదని ఎవరైనా అంటే, ఆ చిన్న స్పీకర్‌ కోసం పై హార్మోనిక్స్ కలిపి మోసం చేయకండి. వాళ్ళను ఇంటికి పిలిచి, టీ ఇచ్చి, మూలన చాప మీద కూర్చోబెట్టండి.

చివరి పరీక్ష రాత్రి పదిలోపు చేయాలి, ఆ తర్వాత లౌడ్‌స్పీకర్లు కూడదని చట్టమే ఉంది. పాట పెట్టి, బయటికొచ్చి, గోడ అవతల ఉండే పిన్నిగారిని ఏం వినిపించిందో అడగండి. "పాటా? పాటేం లేదు బాబూ, యార్డులో వ్యాగన్లు తగిలించుకుంటున్నట్టుంది" అంటే వెంటనే లోపలికెళ్ళి ఫైల్ సేవ్ చేయండి.